సికమోర్ చెట్టుకు కట్టిన మోకు

మా అత్తమ్మ లక్ష్మీబాయికి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఇంగ్లండులో మేముండే బేసింగ్‌స్టోక్‌లో ఎండ కాస్తే కోపం, కాయకపోతే కోపం. బస్సు డ్రైవర్ పలకరిస్తే వీనికి నాతో ఏం పని అనేది, పలకరించకపోతే వీని నోరు పడిపోయిందా అనేది. నేను జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. బీపీ మాత్రల కోసం ఆమె అక్కడికి వచ్చినప్పుడు, పేషెంట్లందరి ముందూ, గంట నుంచి నిలబెట్టినవని నన్నే తిట్టేది. వచ్చి అయిదు నిమిషాలు కూడా అయ్యుండదు. తిట్టేది తెలుగులోనే అయినా అక్కడ కూర్చున్న ఇంగ్లిష్ ముసలమ్మలకు ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమయ్యేది.

నాకూ కోపం తక్కువేం కాదు. ఒకే వంటింట్లో ఇద్దరు కోపిష్టి ఆడవాళ్ళుంటే మధ్యలో మా ఆయన అమరేందర్ అడకత్తెరలో పోకచెక్క. ఇన్సూరెన్స్ ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే మనిషి, ఇంటికొచ్చాక నోరు విప్పేవాడు కాదు. ఆయన మౌనం చూస్తే నాకు ఇంకా మండేది.

అత్తమ్మ కోపాలన్నిట్లోకీ పెద్దది చచ్చిపోయిన మనిషి మీద. మా మామయ్య మల్కయ్య సిద్దిపేట దగ్గర ఒక ఊళ్ళో తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌడు. మా ఆయనకు పదకొండేళ్ళప్పుడు తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. ఆయన పక్కనే ఆయన మోకు కూడా పడి ఉంది. మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు. దాని మీద బరువు ఆనించి వెనక్కి వాలితే రెండు చేతులూ వదిలేసి గీత గీసుకోవచ్చు. గౌడు ప్రాణం ఆ తాడులో ఉంటుంది. ఆ రోజు ఆ తాడు తెగలేదు. నిక్షేపంలా ఉంది. ముడి మాత్రం ఊడిపోయి ఉంది.

తాటివనం వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు వచ్చి చూశాడట. పాత నార మోకు చీకిపోతే మొన్ననే కొత్త నైలాన్ తాడు ఇచ్చాను, చూడండి ఒక్క పోగు తెగలేదు అని ఊరందరికీ ఎత్తి చూపించాడట. పైగా కిందపడ్డప్పుడు నడుముకున్న కల్లు లొట్టి పగిలి మామయ్య ఒళ్ళంతా కల్లు వాసన. ఇంకేముంది, తాగి ఎక్కాడు, ముడి సరిగ్గా వేసుకోలేదు, పడ్డాడు అని తేల్చేశారు. అందరిలాగే మామయ్య కూడా చెట్టు దిగాక తాగేవాడే. ఎక్కేముందు ముట్టేవాడు కాదని అత్తమ్మకు తెలుసు. కానీ సోయిలో ఉన్న మల్కయ్య వేసిన ముడి ఊడదని కూడా ఆమెకు తెలుసు. అందుకే కాంట్రాక్టరు మాట నమ్మింది.

ఆ తరువాత బీడీలు చుట్టి కొడుకును చదివించింది. చుట్టిన ప్రతి బీడీతోపాటు మొగుణ్ణి ఒక తిట్టు తిట్టింది. ఇంటర్ చదివేటప్పుడు మా ఆయన ఒక్కసారి, మా నాయన తాగి పడలేదు అన్నాడట. చేతిలో ఉన్న బీడీల చేట ముఖం మీదికి విసిరింది. ఆ మచ్చ ఇప్పటికీ ఆయన కనుబొమ మీద ఉంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆయన కడుపులోంచి ఆ మాట పోలేదని పెళ్ళయిన కొత్తలోనే నాకు అర్థమైంది. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, పెద్దలందరి పేరు మీదా అన్నం పెట్టి, కల్లు సాక నేల మీద ధారగా పోసేది అత్తమ్మ. మామయ్య విస్తరి దగ్గరికి వచ్చేసరికి సాక ఉండేది కాదు. తాగి సచ్చినోనికి కల్లెందుకు అనేది. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. బేసింగ్‌స్టోక్ వచ్చాక కల్లూ లేదు, సాకా లేదు, ఆ తిట్టు మాత్రం ఏటా వీసా అక్కర్లేకుండా వచ్చేది.

ఇలాంటి ఇంట్లోకి 2004లో తుపాకీ ఒకటి దిగింది. ఆఫీసులో కీత్ అని ఒకడు మా ఆయనకు జింకల వేట అంటించాడు. వాళ్ళు అయిదారుగురు కలిసి ఊరి బయట ఒక అడవి ముక్కలో వేటకు హక్కు కొనుక్కున్నారు. పోలీసులు ఇంటికొచ్చి, తుపాకీ బీరువా గోడకు బిగించారో లేదో చూసి, నీ భర్తకు కోపం ఎక్కువా అని నన్నడిగారు. మా ఇంట్లో కోపం లేనిది ఆయనొక్కడికే అని నిజం చెప్పాను. మెట్ల కింద బియ్యం బస్తాల పక్కన ఉక్కు బీరువా వచ్చి కూర్చుంది. శనివారాలు పోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్కడ అడవి అంచున చెక్క మంచెలుంటాయి. పైన కూర్చుంటే జింకకు మనిషి వాసన తగలదు, తప్పిన గుండు నేలలోకి పోతుంది. మంచి మంచెలు పాతవాళ్ళవి. మా ఆయనకు ఇచ్చింది కరెంటు టవరు పక్కన ఉన్న పుచ్చిపోయిన మంచె. ఒక రోజు దాని మెట్టు విరిగి కాలు గీరుకుపోయి వచ్చాడు. కీత్ ఏమన్నాడంటే, మీ ఆవిడ వంట తగ్గించి తిను అన్నాడట, అని నవ్వాడట. పుచ్చిన మంచె ఎక్కించినవాడు నా వంట గురించి మాట్లాడతాడా? ఫోన్ నంబరు ఇవ్వమన్నాను. మా ఆయన ఇవ్వలేదు.

దానికి బదులు ఇంటర్నెట్‌లోంచి కొన్ని బొమ్మలు ప్రింటు తీసుకొచ్చాడు. అమెరికాలో వేటగాళ్ళు మంచె లేకుండానే చెట్టు మీద కూర్చుంటున్నారట. పిరుదుల కింద ఒక పట్టీ, తొడలకు రెండు ఉచ్చులు, నడుము నుంచి చెట్టు చుట్టూ తాడు. కాళ్ళు చెట్టుకు తన్ని వెనక్కి వాలి, రెండు చేతులతో తుపాకీ పట్టుకుని ఉన్నాడు బొమ్మలో మనిషి.

“ప్రభా, ఇది మోకే,” అన్నాడు మా ఆయన. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి.

అమ్మే చోటు ఈ దేశంలో లేదు కాబట్టి తనే చేసుకుంటానన్నాడు. తనే అంటే నేనని అర్థం. పాత కార్లు తుక్కు చేసే యార్డుకు వెళ్ళి సీటుబెల్టులు కోసుకొచ్చాడు. పెళ్ళి రవికలు కుట్టుకున్న నా మిషను మీద ఆ బెల్టులు పక్కపక్కన వేసి, అడ్డంగా పట్టీలు వేసి కుట్టమన్నాడు. నాలుగు పొరలు వచ్చిన చోట సూదులు టపటపా విరిగాయి. నేను తిడుతూ కుట్టాను. ఇది కుట్టి నా మొగుణ్ణి నేనే చెట్టెక్కిస్తున్నానని తిట్టాను. జింక మాంసం తినకపోతే ప్రాణం పోతుందా అని తిట్టాను. తిడుతూనే ప్రతి కుట్టు మీదా రెండోసారి, మూడోసారి మిషను తిప్పాను. ఆ కుట్టు ఊడితే పడేది ఎవరో నాకు తెలుసు కదా.

అత్తమ్మ సోఫాలో కూర్చుని ఇదంతా చూస్తూ నోటికి పని చెప్పింది. వాళ్ళ నాయన తాడిచెట్టెక్కి సచ్చిండు, వీడు విమానమెక్కొచ్చి మళ్ళ చెట్టే ఎక్కుతడు అంది. ఎక్కి ఎక్కి ఎవనికి బుట్టిండో గా బుద్ధే వస్తది అంది. మా ఆయన ఇంకో బెల్టు నా మిషను కిందికి జరిపాడు.

తాడు దగ్గర ఒక చిన్న గొడవ జరిగింది. అమెరికావాళ్ళు కొండలెక్కే తాడు వాడాలని, ఫలానా ముడి వేయాలని, ఇనుప కొక్కెం తగిలించాలని బొమ్మలతో సహా రాశారు. మా ఆయన పనిముట్ల షాపులోంచి తెల్లగా మెరిసే నైలాన్ తాడు తెచ్చాడు. ఎంత బరువు మోస్తుందో చుట్ట మీదే రాసి ఉంది, మా ముగ్గుర్నీ కట్టినా తెగదు. మరి ముడి సంగతేమిటని అడిగాను. మంచం కోడుకు కట్టించి మా నాయన నేర్పిన ముడి ఉండగా అమెరికావాళ్ళ ముడి నాకెందుకు అన్నాడు. గౌడు కొడుకుకు ముడి నేర్పేదెవరని ఆయన ఉద్దేశం. సరేలే, మీ ముడి మీ ఇష్టం అన్నాను.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున మా పెరట్లో ఉన్న సికమోర్ చెట్టుకు ఆ తాడు కట్టాడు. ఆ చెట్టు కొమ్మ ఒకటి కొట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి, మనిషి వేలాడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాత్రి చినుకు పడి అంతా తడిగా ఉంది. ఎత్తెక్కవద్దు, ముందు నేలకు దగ్గరగానే కూర్చుని చూడమని నేను పట్టుబట్టాను. మా పాప ఈత క్లాసుకు వెళ్ళింది. నేను చాయ్ కప్పుతో నిలబడ్డాను. అత్తమ్మ మేజోళ్ళ మీద చెప్పులేసుకుని, శాలువా కప్పుకుని, తిట్టడానికి బయటికొచ్చింది.

వచ్చిన మనిషి ఊరుకోదు కదా. వంగి ముడి చూసింది. రెండు చేతులతో పట్టి లాగింది. ఎన్నేళ్ళు ఆ ముడి చూసిందో ఆమె.

“ముడి మంచిగున్నది,” అంది. “తాగకుంట కట్టినవ్ గదా. గట్లనే ఉంటది.”

మా ఆయన ముఖం నల్లబడింది. పట్టీలో కూర్చుని, కాళ్ళు చెట్టుకు తన్ని వెనక్కి వాలాడు. బాగానే ఆగింది. తుపాకీకి బదులు చీపురుకర్ర భుజానికి ఆనించుకుని కుడికి తిరిగాడు, ఎడమకు తిరిగాడు. కాస్త లేచి మళ్ళీ కూర్చున్నాడు. చెట్టు మీద గీత గీసేటప్పుడు మనిషి అలాగే కదులుతాడట. చూడటానికి బాగుందని నాక్కూడా అనిపించింది, ఒప్పుకోవద్దా. అప్పుడే ఆయన వెనక్కి వెనక్కి పోయి, నా పుదీనా కుండీల మీద వెల్లకిలా పడ్డాడు.

కప్పు విసిరేసి పరిగెత్తాను. ఊపిరి అందక నోరు తెరిచి ఉన్నాడు గానీ దెబ్బ పెద్దగా లేదు. తలెత్తి చూస్తే అత్తమ్మ కొడుకు దగ్గరికి రాలేదు. చెట్టు దగ్గర నిలబడి తాడు రెండు చేతుల్లోకి తీసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా తడుముతోంది. నాకు పిచ్చికోపం వచ్చింది. కన్నకొడుకు కింద పడితే తాడు చూసుకుంటున్నవేంది అత్తమ్మా అని అరిచాను. ఆమె నా మాట విన్లేదు.

“తెగలేదు,” అంది, తనలో తను. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. “నువ్వు తాగలేదు గదరా.”

“చాయ్ తాగిన అమ్మా,” అన్నాడు ఆయన పడుకునే.

“మళ్ల కట్టు.”

నా మొగుడు మళ్ళీ అందులో కూర్చుంటే నేనే ఆ తాడుతో ఉరేసుకుంటానని చెప్పాను. అందుకని మెట్ల కింద నుంచి సోనామసూరి బస్తా తెచ్చి పట్టీలో పెట్టాము. మా ఆయన అదే ముడి వేశాడు. అత్తమ్మ లాగి చూసింది, నేనూ లాగి చూశాను. గట్టిగా ఉంది. అప్పుడు ఆమె బస్తాను రెండు చేతులా పట్టుకుని కొంచెం లేపి వదిలింది, లేపి వదిలింది. బస్తా కదిలిన ప్రతిసారీ ముడి అవతల మిగిలిన కొస కొద్దికొద్దిగా లోపలికి పోవడం ముగ్గురం కళ్ళారా చూశాం. ఎవరి చెయ్యీ ముడి మీద లేదు. కొస పూర్తిగా లోపలికి పోయింది, బస్తా నేల మీద పడింది.

మా ఆయన షెడ్‌లోకి వెళ్ళి గరుకు జనపనార తాడు తెచ్చాడు. అదే ముడి వేశాడు. అత్తమ్మ బస్తాను లేపి వదిలింది. నేను ఊపాను. ఇద్దరం ఒగర్చేదాకా ఊపాము. నార పోగులు ఒకదాన్నొకటి కరుచుకుని ముడి ఇంకా బిగిసింది గానీ కొస వీసమెత్తు కదల్లేదు.

తాతల నాటి నుంచీ ఆ ముడి నారకు వేసింది. కొత్త నైలాన్ తాడు జారుతుందని దాన్ని ఇచ్చినవాడు చెప్పలేదు. వాడికి తెలుసో లేదో కూడా నాకు తెలియదు, తెలియకపోయినా వాడి మీద నా కోపం ఒక పిసరు తగ్గదు. తెలియనివాడు నోరు మూసుకోవాలి. చచ్చిన మనిషి మీద నిలబడి తాగుబోతని తీర్పు చెప్పకూడదు.

అత్తమ్మ తడి గడ్డిలోనే కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కళ్ళు ఎర్రగా, తిట్టబోయే ముందు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.

“పానం పోయే ముందు నా చెయ్యి పట్టుకున్నడు,” అంది. “ముడేసిన లచ్చిమీ, నేను ముడేసిన అన్నడు. గదే మాట. అబద్ధాలాడకు, వాసనొస్తున్నవ్ అన్న నేను.”

ఇరవయ్యేడేళ్ళు ఆ సంగతి కొడుక్కు కూడా చెప్పలేదు ఆమె. మా ఆయన లేచి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. మా నాయన తాగి పడలేదని అప్పుడే చెప్పిన కదా అంటాడేమో అని చూశాను. అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఆ తర్వాత వారం ఇల్లు ఇల్లులా లేదు. అత్తమ్మ ఎవర్నీ తిట్టలేదు. చాయ్‌లో చక్కెర తక్కువైనా తాగింది. సర్జరీకి వచ్చి, కుర్చీలో కూర్చుని, పేరు పిలిచేదాకా ఆగింది. నాకు భయమేసింది. కాంట్రాక్టరు ఏమయ్యాడని సిద్దిపేటకు ఫోన్ చేయించింది. వాడు చచ్చి పదేళ్ళయిందట, చౌరస్తాలో వాడి ఫోటోకు ఏటా దండ కూడా వేస్తున్నారట. ఫోన్ పెట్టేసి, ఆ దండ వేసేవాళ్ళను, వేయించుకునేవాణ్ణి, ఊళ్ళో తలలూపినవాళ్ళను ఒక్కొక్కర్నీ పేరు పెట్టి తిట్టింది. గంటసేపు తిట్టింది. ఆ గంట తర్వాత నేను అన్నం తిన్నాను, ఆమె కూడా తింది.

మా ఆయన అమెరికావాళ్ళ ముడి నేర్చుకున్నాడు. కొండలెక్కేవాళ్ళ తాడు, ఇనుప కొక్కెం కొన్నాడు. అత్తమ్మకు అదీ చాల్లేదు. ముడి వేశాక మిగిలిన కొసను తాడుకే కలిపి కుట్టమని నన్ను కూర్చోబెట్టింది. కుట్టాక బియ్యం బస్తా వేలాడదీసి తనే ఊపింది. రెండో తాడు కూడా ఉండాలంది. కొమ్మ అడ్డమొస్తే మొదటిది విప్పాలి కదా, తాడిచెట్టుకు కొమ్మలుండవు, ఈ చెట్లకు ఉంటాయి అని ఆమే చెప్పింది. రెండోదీ కట్టాక గానీ కొడుకును గడప దాటనివ్వలేదు. మొదటిసారి అడవికి తీసుకెళ్ళినప్పుడు కీత్ ఆ పట్టీ చూసి, ఇదేం ఉయ్యాల అని నవ్వాడట. మా నాయనది అన్నాడట మా ఆయన. ఇంక వాడు నవ్వలేదట.

సెప్టెంబరు చివర్లో ఒక మగ జింక దొరికింది. చిన్నదే, మేకంత ఉంటుంది. మాంసం ఫ్రీజర్లో పెడుతుంటే అత్తమ్మ వచ్చి ఒక ముక్క పక్కన పెట్టమంది. పెత్రమాస దగ్గరపడింది. తర్వాత నా వైపు చూడకుండా, ఈ దేశంల కల్లు దొరుకుతదా అని అడిగింది.

లండన్ ఈస్ట్ హామ్‌లో శ్రీలంక తమిళుల షాపుల్లో సీసాల్లో తాటికల్లు దొరుకుతుందని ఎవరో చెప్పారు. నేనే వెళ్ళాను. వాటర్లూ దాకా రైలు, అక్కడి నుంచి భూమి కింద నడిచే ట్యూబు, ట్యూబులో నిలబడి గంట. షాపతను సీసా కాగితంలో చుడుతూ, మీకేనా మేడం అని నవ్వాడు. మా మామయ్యకు అన్నాను. నేనన్న తీరుకు చిల్లర కౌంటర్ మీద పెట్టేసి లోపలికి పోయాడు.

పెత్రమాస రోజు అత్తమ్మ పొద్దున్నే లేచి వండింది. మామయ్యకు ఇష్టమని ఎండు మిరపకాయలు దంచి వేసి, జింక మాంసం కూర చేసింది. పెద్దలందరికీ ఇంట్లోనే పెట్టింది. మామయ్య విస్తరి మాత్రం పట్టుకుని పెరట్లోకి నడిచింది, వెనక మేమిద్దరం. సికమోర్ మొదట్లో విస్తరి పెట్టింది. సీసా మూత తీసి వాసన చూసి, దీన్ని కల్లంటరా అని ముఖం చిట్లించింది. చిట్లించి, చెట్టు మొదట్లో సాక పోసింది. సగం సీసా పోసింది.

“ఏసినవ్,” అంది. “నువ్వు ముడేసినవ్. నేను సూసిన.”

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. పక్కింటాయన కంచె మీది నుంచి తొంగి చూసి, మా ముఖాలు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ కాసేపు నిలబడింది, ఎవరో జవాబు చెప్తారని ఆగినట్టు. జవాబు రాకపోయేసరికి ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది.

“ఇగ తిను,” అని కసిరింది, లోపల పీట మీద కూర్చున్న మనిషిని కసిరినట్టే. “సల్లారిపోతది.”